కొండమీద మీకేం పని?

అరకు ఎలా వెళ్ళాలన్న విషయంలో విశాఖ జనం నాలుగు పార్టీలు. రైలు పార్టీ, రోడ్డు పార్టీ, నడక పార్టీ, ఈమధ్యే పుట్టిన గాలి పార్టీ. మిగతా ముగ్గురూ అసలు కొండనే చూడలేదని ప్రతి పార్టీ గట్టి నమ్మకం. నన్నడిగితే నలుగురు చెప్పేదీ నిజమే. చూడ్డమే పనిగా పెట్టుకొచ్చినవాడికి కొండ పెద్దగా కనిపించదు. వేరే పనిమీద వచ్చి, ఆ పని మధ్యలో ఒకసారి తలెత్తినవాడికి కనిపిస్తుంది.

రైలు సంగతే చూడండి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ కేకే లైనును 1960లలో వేసింది మనకు లోయలు చూపించడానికి కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి. ఖనిజం దిగుతుంది కాబట్టి మనం ఎక్కుతున్నాం. 2017లో వచ్చిన విస్టాడోమ్ బోగీ ఒక్కటే అచ్చంగా చూపుల కోసం పుట్టింది. గోడలకూ అద్దాలే, పైకప్పుకూ అద్దాలే. అయితే గాజుపలకనూ అద్దమంటాం, ముఖం చూసుకునేదాన్నీ అద్దమే అంటాం కదా! లైను మొత్తమ్మీద 58 సొరంగాలు. రైలు ఒక్కో సొరంగంలో దూరగానే మొదటి అద్దం రెండో అద్దమైపోతుంది. లోయ ఉండాల్సిన చోట టిక్కెట్టు కొన్న మన మొహమే, నోట్లో సగం సమోసాతో, ప్రత్యక్షమవుతుంది. ఈలోగా శిమిలిగుడ వస్తుంది. 996 మీటర్ల ఎత్తున, ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటికీ పెద్దన్న. కశ్మీరుకు రైలొచ్చాక మాజీ అయింది. మాజీలందరిలాగే ఎత్తు మాత్రం తగ్గలేదు.

బొర్రా గుహలదీ ఇదే కథ. 1807లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ వాటిని కనిపెట్టాడని గైడ్లు చెబుతారు. ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో. పుట్టకముందే ఉద్యోగం చేసిన ఆ దొరకంటే, స్థానికులు చెప్పే పశువుల కాపరే నాకు నమ్మదగ్గవాడుగా తోస్తాడు. కన్నంలో పడ్డ ఆవును వెతుక్కుంటూ దిగాడట, లోపల శివుడు కనిపించాడట. కథే కావచ్చు. కానీ అతను దిగింది ఆవు కోసం, గుహ కోసం కాదు.

ఇక రోడ్డు. అనంతగిరి ఘాట్‌లో డ్రైవరుకు మలుపు తప్ప మరోటి కనిపించకూడదు, కనిపిస్తే మనకే ప్రమాదం. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకు నిమ్మకాయ తప్ప మరోటి కనిపించదు. దాన్ని ముక్కుకు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఇంకెంత దూరం?" అంటూ సగం తూర్పు కనుమలు దాటేస్తారు. కాఫీ తోటలూ, సిల్వర్ ఓక్ చెట్లను చుట్టుకుని ఎగబాకిన మిరియాల తీగలూ అటునుంచటే వెనక్కి పోతాయి. రోడ్డును తేలిగ్గా తీసుకోకండి, మన్యంలో దానికి చరిత్ర ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళతో వెట్టిచాకిరీగా రోడ్డు వేయించడం కూడా 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం. ఆ రోడ్డు వేసినవాళ్ళకు అక్కడి ప్రతి రాయీ తెలుసు. తెలుసుకోవాలన్న సరదా మాత్రం వాళ్ళకు లేదు.

గాలి పార్టీకి 2017 నవంబరులో అరకులో జరిగిన బెలూన్ల పండుగతో ఊపొచ్చింది. అక్కడో చిక్కుంది. జనం చలికాలంలో అరకు వచ్చేది మంచు కోసం. దట్టంగా మంచు పడితే బెలూన్ ఎగరదు. బెలూన్ ఎగిరిందంటే మంచు లేనట్టే. పైగా దానికి స్టీరింగు ఉండదు, గాలి ఎటు తోస్తే అటే ప్రయాణం. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కినా ఇంతే. తెల్లవారుజామున పైనున్నవాడికి కనిపించే పాలసముద్రం, ఆ మేఘాల కింద ఊళ్ళో పొయ్యి రాజేసుకునేవాడికి ఒట్టి ముసురు.

"అలాగైతే నడకే గొప్పదని తేల్చేశారన్నమాట" అని నడక పార్టీ చంకలు గుద్దుకోవచ్చు. అదీ కుదరదు. సంతకు అడ్డాకులు, కొండచీపుర్లు మోసుకుని మైళ్ళు నడిచే ఆడమనిషిని "ఎంత చక్కటి నడక!" అని మెచ్చుకుంటే ఆవిడ నవ్వి ఊరుకుంటుందేమోగానీ ఒప్పుకోదు. దారి లేని గూడేల నుంచి గర్భిణులను డోలీలో మోసుకొచ్చేవాళ్ళకు కాలినడక సౌందర్యం గురించి చెప్పబోతే నవ్వు కూడా దొరకదు. వాళ్ళు అడుగుతున్నది రోడ్డే. ముందు దాన్ని వెయ్యాలి, వ్యాసాలు తర్వాత రాసుకోవచ్చు. కాబట్టి నా వాదన నడక గురించి కాదు, పని గురించి.

"సెలవు దొరికేదే రెండు రోజులు, అందులోనూ పనేమిటండీ?" అన్నది న్యాయమైన ప్రశ్నే. మిమ్మల్ని కాఫీ పళ్ళు కొయ్యమనడం లేదు. వలిసె చేల సంగతి మాత్రం ఆలోచించండి. నూనెగింజల కోసం వేసిన పంట అది. పసుపుపచ్చగా పూసేసరికి మనం ఫోటోల కోసం తొక్కుతున్నాం, రైతు చేలోకి దిగినందుకు డబ్బులడిగితే నొచ్చుకుంటున్నాం. ఆ ఫోటోలో ఎవరి వెనకైనా ఉన్నది పసుపు రంగే. అదే ఒక శేరు వలిసెలు కొనబోయారనుకోండి, ధరెంత, ఎప్పుడు విత్తుతారు, ఈ ఏడు వాన పడిందా అని నాలుగు మాటలు సాగుతాయి. మాట మధ్యలో ఆ రైతు చెయ్యి చాపి "అదిగో, ఆ వాలులో మా చేను" అంటాడు. మీరు తల తిప్పి చూస్తారు.

అందుకని ఏ బండెక్కినా సరే, సంత ఏ రోజో కనుక్కుని బయల్దేరండి. ఒక గుడ్డసంచి దగ్గరుంచుకోండి. పసుపు, చింతపండు అందులో పడతాయి. కొండచీపురు పట్టదు, విస్టాడోమ్‌లో దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చోవాలి.