ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా!

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంటుకు ఇరవై ఫ్లాట్లు. 2020 మార్చి దాకా అందులో ఎవరెవరుంటారో నాకు తెలీదు, నేనెవరో వాళ్లకూ తెలీదు. లాక్‌డౌన్ రాగానే ఆఫీసు ల్యాప్‌టాప్ మోసుకొచ్చి దివాన్‌కాట్ మీద ఉద్యోగం మొదలుపెట్టాను. లాక్‌డౌన్ పోయింది, నా ఉద్యోగం మాత్రం దివాన్‌కాట్ దిగలేదు. ‘ఎక్కణ్నించైనా చేసుకోండి, వేళలు మీ వీలు. ఉద్యోగమూ సంసారమూ రెండూ చల్లగా ఉండాలి’ అని కంపెనీవాళ్లు మెయిలు పెట్టారు. అది నాకే వచ్చిందనుకున్నాను. అపార్ట్‌మెంటంతటికీ వచ్చినట్టుంది.

మొదట రెండో అంతస్తు బామ్మగారు వచ్చారు. “బాబూ, మా అబ్బాయికేదో పార్సెలొస్తుందట. నేను గుడికెళ్తున్నా. నువ్వు ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా!”

ఆ ‘ఎలాగూ’ దగ్గరే నా పతనం మొదలైంది. వారం తిరిగేసరికి మా హాల్లో పద్నాలుగు పార్సెళ్లు, రెండు గ్యాసు బండలు, మూడో అంతస్తువాళ్ల తాళంచెవులు, వాళ్ల కుక్కపిల్ల. మంజీరా నీళ్లొస్తే మోటారు వేసేది నేను, ట్యాంకు నిండితే కట్టేది నేను. “ఏవండీ, మీరు ఉద్యోగం చేస్తున్నారా, పోస్టాఫీసు నడుపుతున్నారా?” అని మా ఆవిడ అడిగింది. అడిగి, పప్పు కుక్కరు మూడు కూతలయ్యాక కట్టెయ్యమని చెప్పి వాళ్ల బ్యాంకుకు వెళ్లిపోయింది. నేను ఎలాగూ ఇంట్లోనే ఉంటాను కదా!

ఇంటి నుంచి పనిచేసే ఈ పద్ధతికి 1973లో ఇంగ్లీషులో పేరు పెట్టినాయన జాక్ నిల్స్ అనే అమెరికా ఇంజనీరు. అంతకుముందు అంతరిక్ష వాహనాల పని చూసినవాడు. జనాన్ని రోజూ పని దగ్గరికి తోలే బదులు, పనినే జనం దగ్గరికి పంపితే పోలా అన్నది ఆయన ఆలోచన. రాకెట్ల లెక్కలు తెలిసిన మహానుభావుడు అన్నీ ఆలోచించాడు గానీ, మోటారు ఎవరు కట్టాలన్నది మాత్రం వదిలేశాడు.

ఓసారి న్యూయార్కు పెద్దాయనతో మీటింగులో ఉండగా లిఫ్టు మెకానిక్ తలుపు కొట్టాడు. “సార్, కేబుల్ మార్చాలా?” అన్నాడు. “కేబుల్ బాగానే ఉంది. గ్రీజు పెట్టు, చాలు” అన్నాను. మ్యూట్ నొక్కడం మరిచాను. సరిగ్గా అప్పుడే పెద్దాయన సర్వరు ఎందుకింత నెమ్మదిగా నడుస్తోందని అడిగి ఉన్నాడు. నా తెలుగులో ఆయనకర్థమైనవి రెండే ముక్కలు: కేబుల్, గ్రీజు. ఆ రెండూ మీటింగు నోట్సులో ఎక్కాయి. ఇప్పటికీ మా ప్రాజెక్టులో ఏది మొరాయించినా “గ్రీజు పెట్టారా?” అనే అడుగుతారు.

ఇక వేళల వెసులుబాటు. పగలు అపార్ట్‌మెంటు కొలువు, రాత్రి అమెరికా కొలువు. ఏటా నవంబరులో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. సాయంత్రం ఆరున్నర మీటింగు ఏడున్నరకు జరుగుతుంది. వాళ్లు అక్కడ ముల్లు తిప్పితే ఇక్కడ మా చపాతీలు చల్లారతాయి. యాభైమంది, అంతకు మించి పనిచేసే కంపెనీల్లో, పని వేళలయ్యాక ఫోను ముట్టకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో మాట్లాడి తీరాలని ఫ్రాన్సులో 2017 నుంచి చట్టం ఉందని మా ఆవిడకు గొప్పగా చెప్పాను. “అందులో కాలింగ్‌బెల్లు సంగతేమైనా రాశారా?” అంది.

ఒక ఆదివారం డాబా మీద అసోసియేషన్ మీటింగు పెట్టారు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. అటు మేనేజరు ఏదో గడువు చెబుతున్నాడు. సరేనని తలూపాను. ఒక్కసారిగా చప్పట్లు. నేను ఏకగ్రీవంగా కార్యదర్శినయ్యాను.

అన్యాయం చెప్పకూడదు, లాభమూ ఉంది. మా అమ్మాయికి మొదటి పాలపన్ను ఊడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అరచేతిలో పెట్టి చూపించింది. ఆ ఒక్క పన్నుకు పద్నాలుగు పార్సెళ్లూ చెల్లు.

చివరికి మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. సంగతి అసోసియేషన్ గ్రూపులో పెడితే, చేతులు జోడించిన బొమ్మలు పదిహేడు వచ్చాయి. ఎవరో పోయినప్పుడు పెట్టే బొమ్మలవి. మొదటి మంగళవారం మియాపూర్‌లో మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగాను. దారంతా నిలబడే ఉన్నాను. కాళ్లు లాగాయి. కానీ ఒక్కడంటే ఒక్కడు నన్ను ‘ఎలాగూ’ అనలేదు. సెలవు పెట్టి తీర్థయాత్రకెళ్లినట్టుంది ప్రాణానికి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి లిఫ్టు తలుపు మీద కొత్త కాగితం.

“మనవి: కొరియర్లు, గ్యాసు, ప్లంబరు, కేబుల్‌వాళ్లు ఇకమీదట సోమ, శుక్రవారములలో మాత్రమే రావలెను. ఇట్లు, కార్యదర్శి.”

కింద నా సంతకం. దస్తూరీ మాత్రం వాచ్‌మన్‌ది.