సారంగాపూరు నుండి స్విట్జర్లాండు దాకా

సెలవుదినమున మిత్రసమేతుడై కొండలను కొలనులను దర్శింప బయలుదేరువాడు పూర్వము చద్దిమూట కట్టుకొనెడివాడు. ఇప్పుడు ఉపమానములను మూటగట్టుకొని బయలుదేరుచున్నాడు. మొన్నటి దసరా సెలవులలో మా సారంగాపూరు మిత్రబృందము అద్దెకారులో సాగించిన విహారమున నేనును ఒక మూల నిరికి కూర్చుంటిని గనుక, ఆ ఉపమానముల వర్షమున సాంతము తడియు భాగ్యము నాకు లభించినది.

బీర్పూరు గుట్టల నడుమ రోళ్లవాగు జలాశయము, పచ్చని అడవి నీడను గర్భమున దాల్చి, ఎవ్వరి ప్రశంసను అపేక్షింపక నిశ్చలముగా నుండెను. కారు దిగీదిగకమునుపే, ప్లాట్లవ్యాపారియగు మా మిత్రుడు "అచ్చం స్విట్జర్లాండే, సారూ!" అని తీర్పు చెప్పెను. ఆ దేశమును ఆయన హిందీ సినిమా పాటలలో తప్ప దర్శించి యెరుగడు. పావు టీఎంసీ చెరువును ఒక టీఎంసీ జలాశయముగా పెంచబూనిన పని ఏండ్లకేండ్లు సాగుటయు, ముంపున బోవు అటవీభూమికి అనుమతులు రానందున గేట్లు బిగియక ఆయకట్టు రైతు ఆకాశము చూచుటయు నేను ప్రస్తావింపబోగా, స్విట్జర్లాండున ఇట్టి ప్రసంగములు తగవన్నట్లు అందరును నావంక చూచిరి.

ఆలంకారికులు ఉపమేయమునకు శోభ కూర్చుటకై ఉపమానమును కల్పించిరి. మావారు ఉపమేయమును సమూలముగా తొలగించి, ఆ ఖాళీస్థలమున ఉపమానమును ప్రతిష్ఠించుచున్నారు. ఆ విధముగనే కొండగట్టు 'మన ఊటీ' అయినది. ఘాటు మలుపున కారు నిలిపి, తలుపు పట్టుకొని వ్రేలాడుచు ఫొటోలు దిగుచుండగా, 2018 సెప్టెంబరు 11న ఆర్టీసీ బస్సు లోయలో బడి 60 మందికి పైగా అసువులు బాసినది ఈ ఘాటుననే గదా యని గొణిగితిని. "మూడ్ ఖరాబ్ జెయ్యకుండ్రి సారూ" అను సమాధానము వచ్చినది. వేములవాడ రాజన్నకు మాత్రము విదేశముల సాటి దొరకలేదు. కోడెమొక్కుల వరుసను చూచి క్షణకాలము మౌనము వహించి తిరిగి కారెక్కిరి.

సాయంకాలమునకు మిడ్ మానేరు చేరితిమి. ప్రభుత్వము శ్రీ రాజరాజేశ్వర జలాశయమని నామకరణము చేసినను జనుల నోట పాతపేరే నిలిచిన ఆ జలరాశి 27 టీఎంసీలకు పైబడి నిలుపుకొనగలదు. లక్ష్మీపూరు భూగర్భమున 139 మెగావాట్ల మోటార్లు, బాహుబలులని లోకము బిరుదొసగినవి, గోదావరిని నూరు మీటర్లకు పైగా ఎత్తి కాలువలో బోయగా ఆ నీరిచ్చటికి చేరును. కరెంటు బిల్లు వచ్చు ప్రకృతిసౌందర్యమును నేనిచ్చటనే చూచితిని. సిరిసిల్ల మెట్టభూముల దాహము ఎరిగినవాడను గనుక ఆ బిల్లును తప్పుపట్టజాలను. మావారు మాత్రము అది మాల్దీవులా దుబాయియా యని తర్కించుచుండిరి.

దుబాయి సంగతి నిజముగా తెలిసినవాడు మాలో ఒక్కడే. మా ఊరి అల్లుడు, కొదురుపాకవాడు, సెలవుపై వచ్చియుండెను. అక్కడి సముద్రమును పనికి గొనిపోవు బస్సు కిటికీనుండి చూచినవాడు గనుక తర్కమున కలుగజేసుకొనక, నీటివైపు చేయిచాచి, "గగో, గాడ చింతచెట్టుండె. దాని పక్కపొంటి బాయి. బాయి యెన్క మా ఇల్లు" అనెను.

"బావా, జర పక్కకు జరుగు, ఫ్రేముల అడ్డమొస్తున్నవ్" అనిరి.

అతడు జరిగెను. ముంపు పరిహారమునకై కార్యాలయముల చుట్టు తిరిగిన నాటినుండి పక్కకు జరుగుట అతనికి అభ్యాసమే.

రీలు పూర్తియైన పిదప, అందులో మాల్దీవులే గెలిచిన పిదప, ప్లాట్లవ్యాపారి అతని భుజముపై చేయివైచి, కట్టకు ఈవల 'లేక్ వ్యూ' వెంచరొకటి పడుచున్నదనియు, ఆ చింతచెట్టున్న చోటికి సరిగ్గా ఎదురుగానుండు ప్లాటును మిత్రధర్మముగా తక్కువకే ఇప్పింతుననియు వాగ్దానము చేసెను.

"గజమెంత?" అని అడిగెను అల్లుడు.