ఊరికే అప్లై చేయడం

ఆగస్టు నుంచి మా ఇంట్లో ఒకటే మాట మోగుతోంది. “ఊరికే అప్లై చేసి చూద్దాం నాన్నా.” తెలుగులో ఊరికే అంటే ఏ ఉద్దేశమూ లేకుండా అని ఒక అర్థం, డబ్బు పడకుండా అని మరో అర్థం. మా అమ్మాయి వాడకంలో ఈ రెండూ అబద్ధాలేనని పెద్దలకు మనవి చేసుకుంటున్నాను.

ముందు డబ్బు సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అప్లికేషన్ ఫీజు ఒక్కో క్యాంపస్‌కు 80 డాలర్లు. సీటుకు కాదు, అడిగినందుకు. మా అమ్మాయి మనసుపడ్డది వాళ్ల బర్క్‌లీ క్యాంపస్ మీద. నూరుగురు అడిగితే అది ఏ పదకొండు మందికో పన్నెండు మందికో సరేనంటుంది. తక్కినవాళ్ల ఎనభైలు ఏమైనట్టు? గుడి హుండీలో వేస్తే కనీసం పులిహోర పొట్లమైనా చేతిలో పెడతారు.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన. హైస్కూల్లో పైనున్న పది శాతం పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీలు సీటిచ్చి తీరాలని 1997లో ఇక్కడ చట్టం చేశారు. ఆస్టిన్‌లోని యూనివర్సిటీకి తాకిడి ఎక్కువై, అక్కడ ఆ పది కాస్తా తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు ఐదైంది. మా అమ్మాయి ఆ ఐదులో ఉంది. (తెలివి మా ఆవిడ వైపు నుంచి వచ్చిందట. మా వైపు నుంచి మొండితనం.) అంటే సాక్షాత్తూ చట్టమే పీట వేసి, రండి కూర్చోండి అంటోంది. ఫీజు ఏడాదికి పదకొండు నుంచి పదమూడు వేల మధ్య తేలుతుంది. కారులో మూడున్నర గంటలు. ఆవకాయ సీసా మూత ఊడకుండా చేరే దూరం.

అటు బర్క్‌లీ చూడండి. అక్కడి పిల్లలు కట్టే ఫీజంతా మనమూ కట్టాలి. కట్టాక, బయటి రాష్ట్రంలో పుట్టిన పాపానికి దాని మీద మరో 37,602 డాలర్లు కట్టాలి. 2025లో కొత్తగా చేరినవాళ్ల లెక్క ఇది. గది, తిండి కలిపితే ఏడాదికి ఎనభై వేల పైమాటే. ముప్పై ఏడు వేల ఆరువందలు పుచ్చుకుంటూ ఆ చివరి రెండు డాలర్లు కూడా వదలనివాళ్లతో ఏం బేరమాడతాం?

నిజానికి ఈ నాన్‌లోకల్ యోగం నా జాతకంలోనే ఉంది. తెనాలిలో ఇంటర్ చదివి, ఎంసెట్ రాసి, హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదవాలని ముచ్చటపడ్డాను. రాష్ట్రపతి ఉత్తర్వులు 1974 నుంచీ ఉన్నాయి కదా. నూటికి 85 సీట్లు అక్కడివాళ్లకు, మిగిలిన పదిహేనులో మీరూ మేమూ అందరమూ. నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కౌన్సెలింగ్ బల్ల ముందు నిలబడితే, అక్కడున్నాయన వాటిని కళ్లతో కూడా తాకకుండా “నాన్‌లోకల్” అని పక్కకు జరిపాడు. ఆ జరిపిన చెయ్యి ఇప్పటికీ కళ్లకు కడుతుంది, చూపుడువేలికి ఇంకు మరక.

ముప్పై ఏళ్లు గడిచాయి, రెండు సముద్రాలు దాటాను. కాలిఫోర్నియా వాళ్లు బయటివాళ్లు నూటికి 18 మందికి మించకూడదని 2017లో గీత గీశారు. బర్క్‌లీ అప్పటికే ఆ గీత దాటేసిందని తర్వాత వాళ్ల శాసనసభ కల్పించుకుని దాన్ని వెనక్కి లాగుతోంది. అక్కడ పదిహేను, ఇక్కడ పద్దెనిమిది. ముప్పై ఏళ్లలో నాన్‌లోకల్ జాతి సాధించిన పురోగతి మూడు శాతం. మా ఆస్టిన్‌లోనూ నూటికి 90 సీట్లు టెక్సాస్ పిల్లలకేనని చట్టం ఉంది. అయితే అది న్యాయమైన చట్టం.

ఇక మా అమ్మాయి ఉద్దేశం. దానికి భూకంపాలు కావాలి. మన పిల్లలందరూ కంప్యూటర్లు చదువుతుంటే ఇది నేల ఎందుకు కదులుతుందో చదువుతుందట. “ఆస్టిన్‌లో జాక్సన్ స్కూల్ ఉంది కదమ్మా, భూగర్భమంతా అక్కడే చదువుతారు” అన్నాను. “టెక్సాస్‌లో నేల కదలదు నాన్నా” అంది. నాకు రోషం వచ్చింది. “ఎందుకు కదలదు, పశ్చిమాన చమురు బావుల దగ్గర మురికినీళ్లు లోపలికి తోసి మరీ కదిలిస్తున్నాం కదా” అన్నాను. నవ్వి ఊరుకుంది.

భయపెట్టి చూశాను. బర్క్‌లీ ఫుట్‌బాల్ స్టేడియం కిందుగానే హేవార్డ్ చీలిక పోతుంది. 1868లో అది కదిలితే చుట్టుపక్కల ఊళ్లు కూలాయి. తెలిసి తెలిసి 1923లో దాని నెత్తినే స్టేడియం కట్టిన మహానుభావులు వాళ్లు. ఇదంతా రాత్రి కూర్చుని చదివి పొద్దున్నే వినిపించాను. “అవును నాన్నా, గోడలు మెల్లగా పక్కకు జరుగుతుంటాయి, చూపిస్తాను రా” అంది. పులిని చూపించి భయపెడితే పులి కోసమే అడవికి పోతానన్నట్టుంది.

అప్లికేషన్ మరో బాధ. ఎస్ఏటీ కోచింగుకు పోసిన డబ్బు గుర్తుందా అని అడిగితే, ఆ స్కోరు వాళ్లు అసలు చూడరని తాపీగా చెప్పింది. ఎంసెట్‌లో నువ్వెవరు అని నన్నెవరూ అడగలేదు. ర్యాంకెంత అన్నారు, అంతే. ఇక్కడ ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి జవాబు రాయమంటారు, ఒక్కోటి 350 మాటలకు మించకుండా. నాయకత్వం గురించి చెప్పు, నీలోని గొప్ప నైపుణ్యం చెప్పు. ఒక రాత్రి నిద్రపట్టక నేనూ ఒకటి రాసి చూశాను. చెత్తడబ్బా గరాజు పక్కన పెట్టుకునే హక్కు కోసం కాలనీ సంఘంతో ఎనిమిది నెలలు పోరాడిన వైనం. నలభై మూడు మాటలకే నా నాయకత్వం అయిపోయింది.

పోట్లక్కుల్లో సలహాలకు కొదవ లేదు. ఒకాయన కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనేయమన్నాడు, పప్పు గిన్నె అందిస్తూ. ఇల్లు కొన్నంత మాత్రాన లోకల్ కామట, ఏడాదికి పైగా అక్కడే కాపురముండి రుజువు చూపాలట. ఫోన్లో మా అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, “అది ఎటు పోతానంటోందిరా, నీలాగా?” లైను సరిగా లేదన్నాను.

నవంబర్ నెలాఖరు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి అమ్మాయి స్నానానికి వెళ్లింది. చూడకూడదనే అనుకున్నాను. తెనాలిలో నాయనమ్మ కందిపప్పు డబ్బాలో పోసి, ఇక పట్టదనుకున్నాక డబ్బాను నేలకేసి రెండుసార్లు తట్టేదట. పప్పు సర్దుకుని పైన నాలుగు వేళ్లంత చోటు మిగిలేదట. కుదుపు తగిలితే నేల కూడా ఇలాగే కుంగుతుందా అని ఆరేళ్లప్పుడు తనకు అనుమానం వచ్చిందని రాసింది. ఆ స్టీలు డబ్బా నాకు తెలుసు. మూత మీద మా నాన్న పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. 348 మాటలు. రెండుసార్లు చదివాను.

తర్వాత నాలోని గృహస్థు మేలుకున్నాడు. పది వారాలు ఇల్లంతా నిద్ర మానుకుని తయారుచేసిన నాలుగు వ్యాసాలు ఒక్క బర్క్‌లీకి పంపడం దుబారా కదూ? ఇవే వ్యాసాలు వాళ్ల తొమ్మిది క్యాంపస్‌లకూ చెల్లుతాయి. శాన్ డియేగోలో స్క్రిప్స్ అనే సముద్రశాస్త్ర సంస్థ ఉంది, సముద్రం అడుగున నేలనూ చూస్తారు. శాంటా క్రూజ్‌లోనూ ఈ చదువుందట. తల తుడుచుకుంటూ వచ్చిన పిల్ల నేను టిక్కులు పెడుతుంటే నోరు తెరిచి చూస్తూ నిలబడింది.

కార్డు వెనక మూడంకెలు చదువుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

“ఎంతండీ?”

“రెండువందల నలభై.”

“ఒక్కటే కదా అన్నారు?”

“వ్యాసాలు ఎటూ రాసేసింది కదా,” అన్నాను. “ఊరికే పోతాయని.”