762 మిల్లీమీటర్ల బేసు

ఖరగ్‌పూర్‌లో పొడవుకున్న మర్యాద మరి దేనికీ లేదు. ఇక్కడి 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారమే ప్రపంచంలో పొడవైనదని జనరల్ నాలెడ్జి పుస్తకాలు ఏళ్ల తరబడి బట్టీ పట్టించాయి. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో ఆ పేరు లాక్కుంది. 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో గోరఖ్‌పూర్ నోరు మూయించింది. అయినా ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర పాత లెక్కే చెల్లుబాటవుతోంది. అలాంటి ఊళ్లో ఒక కుర్రాడు, గిటారు కొంటే పొట్టిదే కొంటానని మొండికేశాడు.

కుర్రాడి తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. ఖరగ్‌పూర్‌లో చాలా తెలుగు ఇళ్లది ఇదే కథ. తండ్రి అదే వర్క్‌షాపులో ఫిట్టరు. కుర్రాడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో బెంగాలీ మాట్లాడతాడు. ఐఐటీ స్ప్రింగ్ ఫెస్ట్‌లో వైల్డ్‌ఫైర్ అనే రాక్ బ్యాండ్ల పోటీ చూసొచ్చాక ఈ మూడు భాషల్లోనూ ఒకటే మాట: బేసు.

ధర విన్న తల్లి లెక్క వేరు.

"నాలుగు తీగలేనేట్రా? ఆరు తీగలదానికన్నా ఎక్కువ చెప్తన్నాడేటి?"

"అమ్మా, ఇది బేసు."

"అయితే ఏటి? రెండు తీగలు తగ్గించినోడు డబ్బులు కూడా తగ్గించాల కదా!"

ఈ వాదనకు ఏ గిటారు కంపెనీ దగ్గరా ఇప్పటిదాకా జవాబు లేదు.

పొట్టి బేసు పిచ్చి ఊరికే పట్టలేదు. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన బేసు మామూలు కొలతది, 34 అంగుళాలు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేసుతో ఖాయం చేసిన కొలత అది. స్కేలు అంటే గిటారు మొత్తం పొడవు కాదు. నట్టు నుంచి బ్రిడ్జి దాకా, అంటే తీగ మోగే మేర. ఆ లెక్కన మెడ మీది మొదటి మెట్టు (ఫ్రెట్టు) నుంచి నాలుగో ఫ్రెట్టుకి దాదాపు 13 సెంటీమీటర్లు. వేలికో ఫ్రెట్టు చొప్పున పరచమని పాఠం చెబుతుంది. చిటికెన వేలు ఒప్పుకోదు. 30 అంగుళాల స్కేల్లో అదే దూరం 11.4 సెంటీమీటర్లకు దిగుతుంది. తేడా సెంటీమీటరున్నర. చేతికి మాత్రం అది ప్రమోషనంత పెద్దది.

తండ్రికి అంగుళాలు నచ్చవు. ముప్ఫైని 25.4తో గుణించి, ఒక్క క్షణం ఆగి, కుర్చీలోంచి లేచాడు.

"ఏడొందల అరవై రెండు! ఇది మన నౌపడ లైను కదరా!"

నిజమే. 762 మిల్లీమీటర్లంటే అచ్చంగా నేరో గేజి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం చేరిన చిన్నబండి రెండు పట్టాల మధ్య దూరం అదే. 2004లో ఆ బండి ఆగింది, 2011లో అదే దారిన బ్రాడ్ గేజి బండి వచ్చింది. ఫిట్టరు గారి చిన్నతనపు వేసవి సెలవులన్నీ ఆ చిన్నబండి కిటికీలోనే గడిచాయి. 34 అంగుళాలంటే 864 మిల్లీమీటర్లు, అది మన దేశంలో ఏ గేజీ కాదు. కాబట్టి శాస్త్రసమ్మతమైన బేసు 30 అంగుళాలదేనని ఆయన అప్పటికప్పుడు తీర్పు చెప్పేశాడు. సంగీతం కోసం కాకపోయినా కేసు గెలిచింది.

ఇక బంధువులు. పొట్టిదంటే పిల్లల ఆటవస్తువని మేనమామ తేల్చేశాడు. దానికి కుర్రాడి దగ్గర సాక్షులున్నారు. జర్మనీలో హాఫ్నర్ కంపెనీ వయొలిన్ ఆకారంలో 500/1 అనే పొట్టి బేసు 1956లో తెచ్చింది. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో దాన్ని సుమారు 30 పౌండ్లకు కొన్నాడు. ఆయనది ఎడమ చేతివాటం. రెండు వైపులా ఒకేలా ఉండే ఆకారం తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదని ముచ్చటపడ్డాడు. 1972లో లండన్‌లో ఒక వ్యానులోంచి అది చోరీ అయింది. దొరికి యజమాని చేతికి చేరిందని 2024లో లోకానికి తెలిసింది. పోయిన సామాను అర్ధశతాబ్దం తర్వాత దొరికిందంటే రైల్వే ఇంట్లో వినేవాళ్లకి ఒళ్లు పులకరించింది. తండ్రి అయితే ఎఫ్ఐఆర్ ఎక్కడ రాయించారని అడిగాడు.

మేనమామ తగ్గలేదు. "వాళ్ల చేతులు చిన్నవేమో!"

స్టాన్లీ క్లార్క్ చేతులు చిన్నవి కావు, మనిషి పొడగరి. ఆయన ప్రసిద్ధమైన అలెంబిక్ బేసు 30.75 అంగుళాలది. జాక్ బ్రూస్ చెల్లో నేర్చుకుని వచ్చినవాడు, ఆయన చేతిలో గిబ్సన్ ఈబీ-3 ఉండేది; 30.5 అంగుళాలు. 34కి ఆద్యుడైన ఫెండర్ కంపెనీయే 1966లో 30 అంగుళాల మస్టాంగ్ బేసు తెచ్చింది. టాకింగ్ హెడ్స్ బ్యాండులో టీనా వేమౌత్ దాన్ని వాయించింది.

అసలు మహిమ తీగ బిగింపులో ఉంది. కింది E స్వరం పొడవు బేసులోనైనా పొట్టి బేసులోనైనా సెకనుకు 41.2 కంపనాలే. అదే తీగను పొట్టి స్కేలు మీద అదే స్వరానికి శ్రుతి చేయాలంటే బిగింపు 22 శాతం తగ్గాలి, ఎందుకంటే బిగింపు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. తీగ మెత్తబడుతుంది, వేళ్లకు సుఖం. నాదం గుండ్రంగా, దిట్టంగా వస్తుంది, లోహపు గణగణ తగ్గుతుంది. అయితే దీనికో సుంకం ఉంది. లావు E తీగ మరీ వదులై ఊగుతుంది, గట్టిగా మీటితే శ్రుతి క్షణకాలం పైకి జారుతుంది.

కొనడానికి తండ్రీకొడుకులు హౌరా లోకల్ ఎక్కి, లాల్‌బజార్ దగ్గర రవీంద్ర సరణిలో వాయిద్యాల దుకాణాల వరసకు వెళ్లారు. తండ్రి జేబులో టేపు. నట్టు నుంచి పన్నెండో ఫ్రెట్టుకి కొలిచి రెండింతలు చేశాడు. 762 వస్తే పాసు. దుకాణదారు స్క్వైర్ బ్రాంకో, ఐబనీజ్ టాల్‌మన్ పేర్లు చెప్పాడు. ఐబనీజ్ మిక్రో 28.6 అంగుళాలని తెలిసి తండ్రి పెదవి విరిచాడు. ఆ గేజి లేదట.

కుర్రాడి పరీక్షలు వేరు. బెల్టు తగిలించుకుని ఎడమ చెయ్యి వదిలేశాడు. నెక్ నేల వైపు వాలిపోతే, పాటంతా ఆ చేత్తోనే దాన్ని మోయాల్సొస్తుంది. తర్వాత ఆంప్ పెట్టి, E తీగను మొదటి ఫ్రెట్టు నుంచి పన్నెండు దాకా నొక్కుకుంటూ పోయాడు. ఏ మెట్టు దగ్గరైనా నాదం బురదగా మారినా, ఫ్రెట్టుకి తగిలి జరజరమన్నా పక్కన పెట్టేశాడు. లోపల డొల్లగా ఉన్న వయొలిన్ ఆకారపుది మనసు దోచింది గానీ, ఆంప్ పెంచగానే కూత పెట్టింది. చివరికి గట్టి చెక్కది ఒకటి కుదిరింది.

తీగల దగ్గర మాత్రం తండ్రి మాట చెల్లలేదు. పొడవు బేసు తీగలు కొని కత్తిరిస్తే సరిపోతుంది కదా అన్నాడు ఫిట్టరు బుద్ధితో. సరిపోదు. పొట్టి స్కేలు తీగలకు చుట్టు తగిన చోట సన్నబడుతుంది. పొడవు తీగ లావు భాగమే బిరడా చుట్టూ తిరగాల్సొస్తే సరిగా పట్టదు, తెగనూ తెగొచ్చు. అసలు కత్తిరించే ముందు తీగను మడవకపోతే పైన చుట్టిన తీగ లోపలి తీగ మీద సడలుతుంది. అందుకని పొట్టి స్కేలు సెట్టే, E తీగ 0.105 అంగుళాల లావుది, విడిగా కొన్నారు. మళ్లీ డబ్బులు. తల్లికి ఆ ఖర్చు ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు క్వార్టర్లో సాయంత్రాలు ఇళయరాజా పాటల బేసు సాధన నడుస్తోంది. గొంతూ వయొలిన్లూ లేకుండా కింది గీత ఒక్కటే గోడలు దాటుతుంది. పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి, ఇది ఏ పాటో కనుక్కోలేక రోజూ ఓడిపోతోంది. వర్క్‌షాపులో ఫిట్టరు గారు మాత్రం 762 కథ షిఫ్టుకొకసారి చెబుతున్నాడు. అంతా విన్న తోటి ఫిట్టరు నిన్న ఒకటే అడిగాడు.

"బాగుంది గానీ అన్నా, గేజి మార్పిడి ఎప్పుడు?"