స్టీరింగ్ ఒక దిక్కు, బండి ఒక దిక్కు

రైలుకు స్టీరింగ్ ఉండదు. జనగామ, మహబూబాబాద్ వాళ్ళు ఆ విషయంలో అదృష్టవంతులు, రెండు ఊళ్ళకూ స్టేషన్లున్నాయి. భూపాలపల్లిలో బొగ్గుంది, కరెంటు ఫ్యాక్టరీ ఉంది, రైలు మాత్రం లేదు. నా నౌకరీ అక్కడ. అక్క ఇల్లు జనగామలో, అత్తగారిల్లు మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో. 2016లో వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు ఈ మూడూ మూడు జిల్లాలయ్యాయి. ప్రభుత్వానికి శ్రమ లేకుండా మా కుటుంబం ముందే విడిపోయి సిద్ధంగా ఉంది. ఈ మూడు జిల్లాలనూ కలిపి ఉంచేది సెకండ్ హ్యాండులో కొన్న ఒక చిన్న కారు. దాని స్టీరింగే వదులైంది.

చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఎంతవరకు ఆడుతుందో దాన్ని మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. చిన్న కార్లలో చాలావాటికి స్టీరింగ్ అంచు దగ్గర 30 మిల్లీమీటర్ల లోపు ఉంటే చింత లేదు. నా బండికి నాలుగు వేళ్ళు పట్టేది. రోడ్డు తిన్నగా ఉన్నా సరే, పాత సినిమాల్లో హీరో కారు నడిపినట్టు స్టీరింగును అటూ ఇటూ తిప్పుతూనే ఉండాల్సి వచ్చేది.

రోగం సంగతి పొక్కగానే వైద్యులు బయల్దేరారు. ఎవరి వృత్తిని బట్టి వారి వైద్యం. పక్కింటాయన సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. ఆ డంపర్ టైరు మనిషి కంటే ఎత్తు. నా టైరును చూడటానికి ఆయన వంగడమే పెద్ద మర్యాద. “గాలి తక్కువున్నది సార్” అన్నాడు. పట్టించాను. గాలి నిండింది, స్టీరింగ్ మాత్రం మారలేదు. అయినా ఆయన్ని తప్పు పట్టను. గాలి తక్కువైతే బండి పక్కకు లాగేది నిజమే, పైసా ఖర్చు లేకుండా తేలే సంగతి ముందు తేలిపోవాలి.

జనగామలో మా బావ ప్లాట్ల ఏజెంటు. హైవే పక్కన ఆయన కన్ను పడని గుంట భూమి లేదు. బావ బండెక్కలేదు, బానెట్ ఎత్తలేదు. నిలబడే, “స్టీరింగ్ రాక్ పోయింది, మొత్తం మార్పిచ్చెయ్” అన్నాడు. నిలబడి చెప్పే సలహా ఎప్పుడూ ఖరీదైనదే అయి ఉంటుంది. ఆయన తీసుకుపోయిన షెడ్డులో అంత దూరం పోలేదు, రాక్ కింద ఉండే స్క్రూను గట్టిగా బిగించి పంపారు. దాంతో పాలకుర్తి మీదుగా మానుకోట పోతుంటే కొత్త కథ మొదలైంది. మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావాలి, అది రావడం మానేసింది. పాత వదులు పోలేదు, కొత్త బిగువు వచ్చి చేరింది.

అంతకుముందు షెడ్డులో స్క్రూ బిగిస్తుండగా బావకో కథ చెప్పాను. మలుపులో లోపలి చక్రం ఎక్కువ కోణంలో, బయటి చక్రం తక్కువ కోణంలో మళ్ళాలి. గుర్రపు బండ్ల కోసం ఈ ఉపాయం కనిపెట్టింది మ్యూనిక్‌లో బండ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్. 1818లో ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నది ఆయన ఏజెంటు ఆకర్‌మన్. ఈ రోజుకీ ఆ పద్ధతికి ఏజెంటు పేరే. బావ మొహం వెలిగిపోయింది. “చూసినవా, ఏజెంటు లేకుంటే ఏ పనీ కాదు.”

ఇక మానుకోట. మామగారు ఒకప్పుడు ప్యాసింజర్ జీపు నడిపారు. ఆయన లెక్కలో నా బండికి అసలు రోగమే లేదు. “మా జీపుకు పావు చుట్టు తిప్పినంకగని టైరుకు కబురు పోకపోతుండె అల్లుడా. కురవి జాతరకు గట్లనే తోలిన” అన్నారు.

ఊరి చివర షెడ్డులో ఉస్తాద్ ఉన్నాడు, మాట తక్కువ మనిషి. మా ఆవిడను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, “అక్కా, కొంచెం కొంచెం ఆడియ్యి, ఆపకు” అని తను బండి కింద దూరాడు, నన్నూ దూరమన్నాడు. స్టీరింగ్ కాడ నుంచి చక్రం దాకా ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసుకుంటూ పోయాడు. ఒకవైపు కదిలి రెండోవైపు కదలనిది ఎక్కడో, దొంగ అక్కడే. ఎడమ చక్రం దగ్గర టై రాడ్ కదులుతోంది, దాని కొసనున్న బాల్ జాయింటులో టక్‌టక్‌మంటోంది, చక్రానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. పైనుంచి మా ఆవిడ “ఇంకా తిప్పాల్నా?” అని అడుగుతోంది. కావలసింది ఎప్పుడో దొరికింది, ఆపమనడానికే ఉస్తాద్‌కు మొహమాటం.

తర్వాత జాకీ ఎత్తి, జాకీని నమ్మకుండా కింద కట్టె మొద్దు పెట్టి, టైరును రెండు పక్కలా పట్టి ఊపాడు. టక్కుమంది. పైనా కిందా పట్టి ఊపితే చప్పుడు లేదు, అంటే బేరింగు బాగుంది. టై రాడ్ కొసకు ఉండే రబ్బరు చినిగి గ్రీజు ఎప్పుడో కారిపోయింది. భూపాలపల్లిలో నా సర్వీసంతా ఆ జాయింటు గుంతలో నల్లటి ధూళిగా పేరుకుని ఉంది.

పాతదాన్ని విప్పేటప్పుడు ఎన్ని చుట్లు వచ్చిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించాడు. స్ప్లిట్ పిన్ను కూడా కొత్తదే వేశాడు, జనగామ స్క్రూను సరైన చోటికి తిప్పాడు. అయిన ఖర్చు బావ చెప్పిన రాక్ ధర పక్కన పెట్టడానికి సిగ్గుపడేంత తక్కువ. “అలైన్‌మెంట్ చేపిచ్చుకోండ్రి, లేకుంటే టైర్లను తింటది” అన్నది ఆ రోజు ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం.

అలైన్‌మెంట్ అయ్యాక మామగారు తనే తోలి చూస్తానన్నారు. ఇంటి వీధి మలుపు దగ్గర జీపు అలవాటు కొద్దీ ముందుగానే పావు చుట్టు తిప్పారు. ఈసారి టైరుకు కబురు వెంటనే అందింది. బండి తిన్నగా రోడ్డు పక్కన ఆరబోసిన మక్కల్లోకి దిగింది. మక్కల ఆసామి వచ్చేలోపే మామగారు అద్దం దించి తీర్పు చెప్పారు.

“మరీ టైటు చేసిండు అల్లుడా. జెర వదులు చెయ్యమను.”