నలభై ఎనిమిదో స్థానానికి పేడాలు

మా రోజుల్లో ముంబై పక్క భివండిలో క్రాస్ కంట్రీ అన్న మాట బడి మాస్టార్లకే తెలుసు. మేం పొలాల పరుగు అనేవాళ్ళం. వరికోతలు అయిపోయి, మళ్ళు ఎండి, గట్లు గట్టిపడ్డాక తాలూకా స్కూళ్ళ పిల్లల్ని ఆ మళ్ళలో పరుగెత్తించేవారు. ట్రాక్ లేదు, సున్నం గీతలు లేవు. మలుపు ఉన్నచోట ఒక వెదురుబొంగు, దాని కొసకు ఎర్రగుడ్డ. అంతే.

పద్మనగర్ నుంచి, కామత్‌ఘర్ నుంచి మేం రాత్రి పాళీ దిగి నేరుగా అక్కడికే పోయేవాళ్ళం. పన్నెండు గంటలు సాంచెల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, నిలబడిన కాళ్ళు. చెవుల్లో ఆ టకటక ఇంకా ఆగి ఉండదు. జుట్టు మీద దూదిపొట్టు దులుపుకోకుండానే, మేం తినే బిస్సీ మెస్సులో ఒక చాయ్ తాగి, రెండు పావులు కాగితంలో చుట్టుకుని బయలుదేరేవాళ్ళం. నిద్ర సంగతి తర్వాత. ఆ పరుగెత్తే పిల్లల్లో ఒకడు మా పక్క సాంచె నడిపేవాడి కొడుకు, ఒకడు సిరిసిల్ల నుంచి నాతో పాటే వచ్చినవాడి తమ్ముడు. ఎవరి వైపు నిలబడాలో ఆలోచించుకునే పని మాకు ఉండేది కాదు.

నేను సాంచెలు బాగుచేసే జాబర్ పని చేసేవాణ్ణి. జేబులో పానాతో పాటు ఎప్పుడూ కాస్త తుక్కుదారం ఉండేది. పరుగు సగం దాటే చోట ఒక చింతచెట్టు, దాని పక్కన గట్టు. నా జాగా అది. ముందు పోయిన ప్రతి పిల్లవాడికీ దారంలో ఒక ముడి వేసేవాణ్ణి. సాంచె మీద తెగిన పోగులు అతికే చేతికి ముడి వేయడం రెప్పపాటు పని. మావాడు దగ్గరికి రాగానే దారాన్ని వేళ్ళ సందున జార్చి లెక్క చెప్పేవాణ్ణి: "నీ ముందర ఇరవై రెండు మంది ఉన్నరు. పచ్చ బనీనోడు అలిసిండు, వాణ్ణి పట్టు!"

ఆ లెక్క ఎందుకంటే, పొలాల్లో పరుగెత్తేవాడికి తాను ఎక్కడున్నాడో తెలియదు. మైదానంలో అయితే ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ అందరూ కళ్ళెదుటే తిరుగుతారు. ఇక్కడ ఒక చెట్ల గుంపు అడ్డం వస్తే ముందున్నవాడు మాయం. ఊపిరి బిగుసుకుపోయి, డొక్కలో పోటు లేచి, ఇక నడుద్దామా అని మనసు గుంజేది సరిగ్గా ఆ నడిమి భాగంలోనే. మొదలుపెట్టే చోట అందరూ ఉంటారు, ముగిసే చోట ఇంకా ఎక్కువమంది ఉంటారు. నడుమ ఎవరూ ఉండరు. అందుకే మేం నడుమ నిలబడేవాళ్ళం.

1984లో మా ఊళ్ళో జరిగిన మత గొడవలకు ముందటి చలికాలం. మా గల్లీలో కండెలు చుట్టే ఒక తల్లి కొడుకు, తెలుగు మీడియం పిల్లవాడు, తాలూకా, జిల్లా, విభాగం, రాష్ట్రం ఒక్కొక్కటే దాటి జాతీయ స్థాయి స్కూలు పోటీలకు పోయాడు. రైలు ఖర్చులకు కార్ఖానాల్లో తిరిగి చందా పోగుచేశాం. వాడు పోయిన దగ్గర్నుంచి మార్కండేయుని గుడి అరుగు మీద అదే ముచ్చట. పంజాబు పిల్లలు పొడగరులు, మనవాడు ఆగుతాడా అని ఒకరు. కొండల్లో పుట్టిన పిల్లలకు ఊపిరి ఎక్కువని ఇంకొకరు. పత్రికలో మొదటి ముగ్గురి పేర్లే పడ్డాయి. మావాడి ఇన్‌లాండ్ లెటర్ తొమ్మిదో రోజున వచ్చింది. తల్లికి చదువు రాదు, నేనే చదివి వినిపించాను. "నలభై ఎనిమిదో నంబరు అచ్చింది. బురదల పడ్డ. లేసి ఉరికిన."

ఆ సాయంత్రం గల్లీ అంతా పేడాలు పంచాం. ఇంత పెద్ద దేశంలో నలభై ఎనిమిదోవాడు మా గల్లీలో ఉన్నాడు! మెడల్ రాలేదా అని ఒక్కరు కూడా అడగలేదు. ఆ తల్లి ఆ ఉత్తరాన్ని దేవుడి పటం వెనక పెట్టుకుంది.

ఈ పరుగు తీరే అటువంటిది. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో ఒక దేశం తరఫున ఆరుగురు పరుగెత్తితే, ముందుగా వచ్చిన నలుగురి స్థానాలు కూడుతారు. తక్కువ మొత్తం వచ్చిన దేశానిది గెలుపు. మొదటివాడు ఎంత ముందు వచ్చినా, నాలుగోవాడు వెనకబడితే జట్టు మునుగుతుంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పరుగు నిప్పులు చెరిగే ఎండలో పెట్టారు. 38 మంది బయలుదేరితే 15 మందే గమ్యం చేరారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో దీన్ని మళ్ళీ పెట్టనే లేదు. ఆ రోజు గెలిచిన ఫిన్లండ్ వీరుడు నూర్మి పేరు అందరూ చెబుతారు. పదిహేనోవాడుగా వచ్చినవాడు మా గల్లీవాడైతే, నేను వాడికీ పేడాలు పంచేవాణ్ణి.

ఇప్పుడు ఆ పొలాలే లేవు. మాన్‌కోలి, రాహనాల్, దాపోడే, ఎటు పోయినా గోదాములే. ముంబైకి చేరాల్సిన సామాను అంతా అక్కడ దిగుతుంది. నా చింతచెట్టు ఉన్నచోట కంటైనర్ లారీలు వెనక్కి తిప్పుకుంటాయి. పరుగు పెట్టాలంటే వజ్రేశ్వరి రోడ్డు పట్టుకుని చాలా దూరం పోవాలి. పొలం పోయినందుకు నాకు బాధే. కానీ నా కోపం పొలం మీద కాదు, మనుషుల మీద.

పదో తరగతిలో క్రీడల గ్రేస్ మార్కులు వస్తాయని పిల్లల్ని పరుగుకు పంపుతున్నారు. సర్టిఫికెట్ చేతికి రాగానే బూట్లు అటక మీదికి పోతాయి. రాష్ట్రంలో సర్కారు కొలువుల్లో ఆటగాళ్ళకు 5 శాతం వాటా ఉంది కదా అని ఇంకొందరు లెక్కలు వేస్తారు. కొలువు మంచిదే, నేను కాదనను. కానీ కన్నకూతురు పరుగెత్తుతున్నప్పుడు ఎక్కడున్నావురా అంటే, "బాపూ, రిజల్టు ఫోన్‌ల అస్తది కదా" అంటాడు నా కొడుకు. ఫలితం ఫోన్లోకి వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పిల్ల డొక్క పట్టుకుని నడవబోతున్న ఆ ఘడియ ఏ ఫోన్లోకీ రాదు.

ఇష్టమైనవాళ్ళను ఎంచుకునే తీరూ మారింది. ఇప్పుడు గెలిచాక ఎంచుకుంటారు. కవితా రౌత్‌ను చూడండి. మా ఊరి పక్క నుంచి పోయే నాసిక్ రోడ్డు పట్టుకుని పోతే ఆమె జిల్లాయే. సావర్‌పాడా అనే ఆదివాసీ పల్లె ఆమెది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో పది వేల మీటర్లలో కాంస్యం గెలిచాక అందరూ సావర్‌పాడా ఎక్స్‌ప్రెస్ అన్నారు. అంతకు ముందు ఎన్నేళ్ళు ఆ పిల్ల మట్టిదారుల్లో ఒంటరిగా పరుగెత్తి ఉంటుంది! బీడ్ జిల్లా అవినాశ్ సాబ్లే కూడా అంతే. చిన్నప్పుడు ఆరేడు కిలోమీటర్లు బడికి పోయి వచ్చినవాడు, సైన్యంలో చేరాక క్రాస్ కంట్రీతోనే పరుగు మొదలుపెట్టాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్టీపుల్‌చేజ్ బంగారం సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో తప్పిపోయి వెండి దక్కింది. ఆ రోజు మా గల్లీలో పటాకులు కాల్చారు. సంతోషమే. కానీ అదే గల్లీలో తెల్లవారుజామున కాలువ పక్క రోడ్డు మీద పరుగెత్తే పిల్లల పేర్లు చెప్పమంటే, ఆ పటాకులు కాల్చినవాళ్ళలో ఒక్కడూ చెప్పలేకపోయాడు.

ఒక మాట మాత్రం చెప్పాలి. మా రోజుల్లో ఆడపిల్లల్ని పొలాల పరుగుకు పంపలేదు. నేనూ పంపలేదు. నా బిడ్డకు కాళ్ళలో బలం ఉండేది, అది కండెల దగ్గరే కూర్చుంది. ఈ విషయంలో ఇప్పటివాళ్ళే మాకన్నా నయం.

జపానులో క్యోటో నగరంలో ఏటా డిసెంబరులో హైస్కూలు పిల్లల జాతీయ రిలే పరుగు ఉంటుంది, ఎకిదెన్ అంటారు. మగపిల్లల జట్టుకు ఏడుగురు, మారథాన్ దూరాన్ని పంచుకుంటారు. ఆడపిల్లలకు ఐదుగురు, అందులో సగం దూరం. భుజం మీదుగా వేసుకున్న పట్టీ ఒకరి నుంచి ఒకరికి చేరాలి. నా మనవరాలు ఫోన్లో చూపించింది. దారి పొడుగునా జనం. మొదటి జట్టు పోయాక కూడా కదలరు, వెనక వచ్చే పిల్లల కోసం చేతులు ఊపుతూనే ఉంటారు. అది చూస్తే నాకు మా గట్టు గుర్తొచ్చింది.

మనవరాలు తొమ్మిదో తరగతి. మొన్న జిల్లా పోటీకి నేనొక్కణ్ణే పోయాను. గల్లీలో పదిమందిని అడిగాను, పదిమందీ పని ఉందన్నారు. సగం దారిలో ఒక మడిగట్టు చూసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు సహకరించవు, కానీ వేళ్ళు ఇంకా ఆడతాయి. మనవరాలు వచ్చేసరికి దాని ముఖం గుడ్డలా తెల్లబోయి ఉంది. ఒక చెయ్యి డొక్క మీద. నన్ను చూడగానే ఆ చెయ్యి తీసేసింది.

"ఎంతమంది తాతా?"

"ముప్పై ఒకటి!"

తల ఊపి పోయింది. ఆఖరుకు ఇరవై ఐదో స్థానంలో వచ్చింది. ఇంటికి వచ్చాక నా చొక్కా జేబులోంచి ఆ దారం తీసుకుని, గడప మీద కూర్చుని, గోటితో రాకపోతే పంటితో పట్టి, ఏడు ముడులు విప్పింది.