పదండి, డైనోసార్ అయిపోయింది

డిసెంబరు వచ్చిందంటే బడులకు విజ్ఞాన దాహం పుట్టుకొస్తుంది. ఇంటికో సర్క్యులర్ వస్తుంది. ఒకరోజు ఎడ్యుకేషనల్ టూర్. తెల్లవారుజామున బస్సు, దారిలో టిఫిను, ఆ తర్వాత గుడి, సైన్స్ మ్యూజియం, జూ, చివర్న వాటర్ పార్కు. వెంట తెచ్చుకోవాల్సినవి: టోపీ, నీళ్ళ సీసా, ఒక జత బట్టలు, తువ్వాలు. నోటుపుస్తకం, పెన్సిలు ఆ జాబితాలో ఉండవు. జాబితా రాసినవాళ్ళ నిజాయితీని మెచ్చుకోవాలి; తువ్వాలు ఎక్కడ అవసరపడుతుందో వాళ్ళకు ముందే తెలుసు, పెన్సిలు ఎక్కడా అవసరపడదనీ తెలుసు. రోజులో సగం వాటర్ పార్కుకు పోతుంది, మ్యూజియానికి మిగిలేది దారిలో ట్రాఫిక్ దయ. అయినా టూరుకు పేరు తెచ్చేది మ్యూజియమే. వాటర్ పార్కు ఒక్కటే ఉంటే 'ఎడ్యుకేషనల్' అని రాయడానికి ఎంత గుండె ధైర్యమున్న ప్రిన్సిపాలైనా కాస్త ఆలోచిస్తాడు. పిల్లలు నీళ్ళలో ఆడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, ఆడుకోవాల్సిందే. దానికి సాక్షి సంతకం పెట్టమని డైనోసార్‌ను పిలవడం దేనికన్నదే ప్రశ్న.

ఆ డైనోసార్ కూడా ఆషామాషీది కాదు. హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో 2000లో తెరిచిన డైనోసారియం ఉంది. అందులో నిలబెట్టిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అచ్చంగా మన నేల జంతువు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో జియలాజికల్ సర్వే వాళ్ళు ఆ ఎముకలు తవ్వి తీశారు. పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టి లోకానికి చూపించారు. కనీసం పన్నెండు జంతువులవి, ఎనిమిది వందలకు పైగా ఎముకలు దాదాపు ఒక్కచోటే దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు. రెండు పళ్ళు దొరికాయి, అంతే. అంటే సెల్ఫీలో పడాలని పిల్లలు ఎగబడే ఆ తల ఊహించి చేసింది, ఎవరూ పట్టించుకోని కాళ్ళూ వెన్నూ చాలావరకు అసలువి. ఒక పూటంతా పిల్లలను అక్కడే కూర్చోబెట్టడానికి ఈ ఒక్క సంగతి చాలదూ? తల లేకుండానే ఇది ఆకులు తినేదని ఎలా చెప్పారు? ఇన్ని జంతువులు ఒక్కచోటే ఎందుకు పడి ఉన్నాయి? మందగా బతికేవా, లేక వరద కొట్టుకొచ్చి ఒక మూల పోసిందా? పన్నెండింటి ఎముకలు కలిపి ఒకదాన్ని నిలబెడితే పొడుగు సరిగ్గా వచ్చినట్టేనా? ఐదో తరగతి పిల్ల అడగగల ప్రశ్నలే ఇవన్నీ. అడిగేలోపు వెనక విజిల్ మోగుతుంది.

ఎందుకంటే అది చూడటానికి వెళ్ళే చోటు కాదు, దాటడానికి వెళ్ళే చోటు. నోటి మీద వేలు, ముందువాడి భుజం మీద చెయ్యి, చూపు టీచరు మీద. అద్దం ముట్టుకోకు, ఆగకు, లైను తప్పకు. పెళ్ళి భోజనాల్లో కూర్చున్నవాళ్ళ వెనక రెండో బంతి వాళ్ళు నిలబడ్డట్టు, గుమ్మం దగ్గర ఇంకో బడి పిల్లలు కాచుకుని ఉంటారు. టీచర్లను తప్పు పట్టలేం. వాళ్ళకు అప్పజెప్పిన పని తలలు లెక్కపెట్టడం. ఎన్ని తలలు బస్సు దిగాయో అన్నీ ఎక్కాయా అన్న ఒక్క లెక్క తప్పితే మర్నాటికి ఉద్యోగం ఉండదు. డైనోసార్‌కు తల ఉందా లేదా అన్నది వాళ్ళ లెక్కలోకి రాదు. మర్నాడు బోర్డు మీద ఒక వ్యాసం ప్రత్యక్షమవుతుంది: 'మేము మ్యూజియమునకు వెళ్ళితిమి. అచట అనేక వింతలు చూచితిమి. ఎంతయో ఆనందించితిమి.' క్లాసంతా అదే రాసుకుంటుంది. అన్ని నోటుపుస్తకాల్లోనూ ఒకే ఆనందం, ఒకే కొలత, అక్షరం తేడా లేకుండా.

ఎంత తొందరగా నడిపించినా ఏదో ఒకటి బుర్రలో పడుతుంది కదా, అదే పదివేలు అనేవాళ్ళున్నారు. ఏం పడుతోందో చూద్దాం. మన పిల్లల్లో డైనోసార్ పేరు చెప్పమంటే టి.రెక్స్ అననివాళ్ళు అరుదు. ఉత్తర అమెరికాలో ఆరున్నర కోట్ల ఏళ్ళ పైచిలుకు కిందట బతికిన జంతువు అది. 1993 నాటి సినిమా పుణ్యమా అని జురాసిక్ అనే పేరు దానికి అంటుకుంది, నిజానికి దాని కాలం క్రెటేషియస్. అసలు జురాసిక్ జీవి మన యామన్‌పల్లిది, కనీసం 16 కోట్ల ఏళ్ళ నాటిది. అంటే కోటసారస్‌కూ టి.రెక్స్‌కూ మధ్య ఉన్న ఎడం కంటే టి.రెక్స్‌కూ మనకూ మధ్య ఉన్న ఎడమే తక్కువ. ఈ లెక్కకు రెండు తీసివేతలు చాలు, మూడో తరగతి చాలు. అయినా మాల్‌లో గర్జించే రబ్బరు బొమ్మల్లో రెండు కాలాలవీ పక్కపక్కనే తోకలాడిస్తుంటాయి, ఆ టికెట్టుకు ఏ తండ్రీ బేరమాడడు.

బుర్రలో పడనిది ఏమిటో పెద్దయ్యాక బయటపడుతుంది. ఘటోత్కచుడి అస్థిపంజరం దొరికిందంటూ వాట్సాప్‌లో తిరిగే ఫోటో అందరూ చూసిందే. 2000లో న్యూయార్క్ రాష్ట్రంలో మాస్టడాన్ ఎముకల కోసం జరిగిన తవ్వకం ఫోటోకు, 2002లో ఫోటోలు మార్చే పోటీ కోసం ఒకాయన మనిషి అస్థిపంజరం అతికించాడు. అది నకిలీ అని నేషనల్ జియోగ్రాఫిక్ 2007లోనే విడమరిచి రాసింది. దాన్ని ముందుకు తోసేవాళ్ళంతా చదువుకోనివాళ్ళు కారు, చాలామంది చిన్నప్పుడు ఏదో ఒక మ్యూజియం లైన్లో నడిచినవాళ్ళే. కోటసారస్ తొడ ఎముక ముందు కాసేపు నిలబడనిచ్చి ఉంటే వాళ్ళకు ఆ ఫోటోలో తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. భారీ జంతువు కాలు నిటారుగా, స్తంభంలా, ఒంటికి తగ్గ లావుతో ఉంటుంది. మనిషిని పదింతలు పెంచితే బరువు వెయ్యింతలవుతుంది, ఎముక అడ్డుకోత మాత్రం వందింతలే. మన సన్నటి తొడ ఎముకతో ఆ ఘటోత్కచుడు లేచి నిలబడిన మొదటి అడుగులోనే కాలు విరగ్గొట్టుకుంటాడు. పౌరాణిక ఘటోత్కచుడికి ఇందులో అవమానమేమీ లేదు, ఆయనకు మాయ తెలుసు. వాట్సాప్ వాళ్ళకు భౌతికశాస్త్రం తెలియకపోవడమే చిక్కు. ఇక 2019లో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో డైనోసార్లను మొదట కనిపెట్టింది బ్రహ్మదేవుడేనని ఒక భూగర్భశాస్త్ర ఆచార్యుడు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. కాబట్టి వాట్సాప్‌నొక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం.

మ్యూజియంలో చూసింది క్లాసులో వివరిస్తారులే అన్నది ఇంకో సమాధానం. క్లాసులో ఏముంది? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అనే పాఠం 'అనువంశికత' దగ్గరే ఆగిపోయింది. పిల్లల మీద బరువు తగ్గించడానికట. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు వద్దని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పరిణామం ఉంది కదా అని జవాబు వచ్చింది. ఉంది నిజమే. పదో తరగతి ఫలితాలు రాకముందే పిల్లవాడిని ఎంపీసీలో కట్టేసే మన ఇళ్ళలో పన్నెండో తరగతి జీవశాస్త్రం ఎంతమంది తెరుస్తారు? అలా ఎముకలు చూపించే బాధ్యత టూరుకు, ఎముకల కథ చెప్పకుండా ఉండే బాధ్యత పుస్తకానికి పంచుకున్నాం. ఇక ఢిల్లీలో జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియమే అద్దె భవనంలో ఉండి 2016 ఏప్రిల్ 26న తగలబడిపోయింది. ఈ దేశానికి ప్రకృతి చరిత్ర అంటే ఎంత పట్టింపో అక్కడే తేలింది.

అసలైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు హైదరాబాద్ రావడమే ఒక పండగ, వాళ్ళకు అన్నీ ఒక్కరోజులో చూపించాలనుకోవడం తప్పా? తప్పు కాదు. కానీ మంచిర్యాల, చెన్నూరు వైపు పిల్లలను వందల కిలోమీటర్లు తీసుకొచ్చి, వాళ్ళ ప్రాంతపు నేలలోంచి తీసిన ఎముకలే చూపించి, అవి ఎక్కడివో చెప్పకుండా తిరిగి బస్సెక్కించడం ఏం దయ? మా దగ్గర మ్యూజియమే లేదనే రాయలసీమ బడులకు తిరుమల ఘాట్ రోడ్డుంది. పాత రాయి మీద కొత్త రాయి కూర్చుని, మధ్యలో కోట్ల ఏళ్ళు గల్లంతైన ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అక్కడ కొండకోతలోనే కనిపిస్తుంది. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. బస్సు ఎలాగూ దాని ముందు నుంచే పోతుంది.

చెయ్యాల్సింది పెద్ద కష్టమైనదేమీ కాదు. ఒక టూరుకు ఒక్క క్లాసే. ఒక్క అస్థిపంజరం, రెండు గంటలు. చేతిలో పెన్సిలు, బొమ్మ గీయాలి, మూడు ప్రశ్నలు రాసుకుని రావాలి, మర్నాడు బోర్డు ఖాళీగా ఉండాలి. సర్క్యులర్‌లో తువ్వాలు తీసేయొచ్చు. వాటర్ పార్కు ఉండదు కాబట్టి ఫీజు సగానికి పైగా తగ్గుతుంది. ఈ పథకం ఏ యాజమాన్యానికీ ఎందుకు నచ్చదో నాకు తెలిసినంతలో కారణం అదొక్కటే.